అబ్రహాం చదివే సంచి

రాయదుర్గంలోని ఆ అద్దాల ఆఫీసు సెల్లారులో ఇన్‌ఛార్జి అబ్రహాం ప్రతి ఉదయం డ్యూటీకి ముందు శుభ్రం చేసేవాళ్లందరినీ ఒకచోట నిలబెట్టేవాడు. ముందు చిన్న ప్రార్థన. “తండ్రీ, ఈ చేతుల్ని కాపాడు” అనేవాడు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కూడా ఆమెన్ అనేవారు. ఆ మాటతోనే అక్కడ పని మొదలు. తర్వాత గొట్టాల్లో జిడ్డు కరిగించే కాస్టిక్ సోడా సంచిని ముందుకు లాగి, కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పోనిస్తూ చదివేవాడు.

“దీనికి వాసన లేదు, పొగ లేదు. గాలికి వదిలేస్తే చెమ్మ పట్టి కరుగుతుంది. చేతికి తగిలితే ముందు మంట పుట్టదు, సబ్బులా జారుతుంది. జారిందంటే చర్మాన్ని తినడం మొదలెట్టిందని. నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్లు పొయ్యకూడదు. పోస్తే సలసల కాగి మీదికి చిమ్ముతుంది. ఒంటి మీద పడితే నూనె రాయొద్దు, పసుపు రాయొద్దు. ధారగా నీళ్లు, చాలాసేపు.”

“మా సారు ఇంగ్లిష్‌ల ఉన్నది చూసి తెలుగుల చదువుతడు. మా ఇంటాయన తెలుగుల ఉన్నది గూడ చదవడు” అని వాళ్లలో కొమురమ్మ అందర్నీ నవ్వించేది.

నిజానికి అబ్రహాంకు ఇంగ్లీషు రాదు. బాపట్ల దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. తెలుగు బైబిలు ధారాళంగా చదువుతాడు, అంతే. పాత ఇన్‌ఛార్జి మానేసి వెళ్తూ ఈ నాలుగు మాటలూ నోటితో చెప్పి అప్పగించాడు. మొదటి రోజు ఎవరో “ఇదంతా సంచి మీద రాసుందా సారూ” అని అడిగితే, కాదనలేక అక్షరాల మీద వేలు పెట్టాడు. పెట్టిన వేలు మళ్లీ తియ్యలేకపోయాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు, రైళ్లు నడిచిన రోజు నడిచినట్టు. కొమురమ్మ లింగంపల్లి నుంచి కాలినడకన వచ్చేది. హోటళ్లు మూసేశారని అబ్రహాం కోసం కూడా జొన్నరొట్టె మూటగట్టి తెచ్చేది.

“మీ ఆంధ్రోళ్లకు రొట్టె దిగుతదా సారూ?”

“పెట్టే చెయ్యి మంచిదైతే దిగుతుందమ్మా.”

“తెలంగాణ వచ్చినంక గూడ పెడ్త తియ్యి, ఫికర్ జెయ్యకుండ్రి.”

అలాంటి ఒక రోజున క్యాంటీను మురుగు గొట్టం జిడ్డుతో పూడిపోయింది. సోడా కలిపే ప్లాస్టిక్ బకెట్టు పగిలి ఉంది. కొత్తది తెచ్చే వ్యాను సమ్మె వల్ల రాలేదు. అబ్రహాం క్యాంటీనులోంచి పాత అల్యూమినియం డేగిసా తెప్పించాడు. ముందు నీళ్లు పోయించాడు, తర్వాతే సోడా వెయ్యమన్నాడు. కొమురమ్మ అలాగే కొద్దికొద్దిగా వేసింది. డేగిసా అంచుల నుంచి నల్లటి నురగ లేచింది. పొయ్యి లేకుండానే గిన్నె కుతకుతలాడింది. ఆమె వెనక్కి జరిగేలోపు పొంగి, కుడి చేతి మీదా కంటి పక్కనా చిమ్మింది.

అబ్రహాం ఆమెను కుళాయి కిందికి లాక్కెళ్లి, ఆమె వద్దంటున్నా వదలకుండా నీళ్లు పోశాడు. తర్వాత ఆటో ఎక్కించాడు. కొండాపూర్ దగ్గర రోడ్డు మీద వంట చేసుకుంటూ కూర్చున్న సమ్మెవాళ్లు ఆమె ముఖం చూసి పొయ్యి రాళ్లు చేతులతోనే జరిపి దారిచ్చారు. ఒకాయన తన తువ్వాలు తడిపి ఇచ్చాడు.

దవాఖానలో డాక్టరమ్మ, నీళ్లు పోయడం వల్లే కన్ను దక్కిందని చెప్పింది. తర్వాత అబ్రహాంను అడిగింది: “ఏ గిన్నెలో కలిపారు?”

“అల్యూమినియం డేగిసాలోనండి.”

“అయ్యో. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుందండీ. పైగా అప్పుడు పుట్టే వాయువుకు నిప్పు తగిలితే అంటుకుంటుంది. సంచి మీదే రాసుంటుంది కదా, చూడలేదా?”

ఆఫీసులో మేనేజరు ప్రేమ్ కుమార్ ఏమీ విచారించలేదు. “ఆవిడే సోడా మీద నీళ్లు పోసుంటుంది. మీరు రోజూ చదివి వినిపిస్తూనే ఉన్నారు కదా అబ్రహాం గారూ, ఇంకేం చేస్తారు? సోమవారం నుంచి ఆవిడ బదులు వేరే మనిషిని పెట్టుకుందాం” అన్నాడు. అబ్రహాం తల ఊపాడు. ఆ ఊపిన తలను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆదివారం ఆరాధనలో వాక్యం చదవమని బైబిలు చేతికిస్తే పక్కవాడికి అందించేశాడు. ఊరికే గొంతు బాగాలేదన్నాడు. అటు నుంచి అటే లింగంపల్లి వెళ్లాడు. కొమురమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో చాయ్ పోసి ఇచ్చింది.

“నన్ను పనిలకెల్లి తీసేసిన్రంట గద సారూ. నేనే ఏదో తప్పు జేసి ఉంట. మీరు రోజు ఇంగ్లిష్ చదివి చెప్పే మనిషి, మీకు తెల్వకుంట ఉంటదా?”

ఆమె తనను తిట్టి ఉంటే బాగుండునని అబ్రహాం అనుకున్నాడు. ఆమె చక్కెర సరిపోయిందా అని అడిగింది.

సోమవారం ఉదయం కొమురమ్మను తనే ఆటోలో తీసుకొచ్చాడు. సెల్లారులోకి ప్రేమ్ కుమార్‌ను రమ్మని బతిమాలాడు. రిసెప్షన్‌లో పనిచేసే రూబీని కూడా పిలిచాడు. అబ్రహాం వెళ్లే చర్చి సంఘం పిల్లే. అందరూ కళ్లు మూసుకుని నిలబడ్డారు. అబ్రహాంకు ప్రార్థన రాలేదు. సంచిని ముందుకు లాగాడు గానీ, వేలు పెట్టలేదు.

“కొమురమ్మ నేను చెప్పినట్టే చేసిందండి” అన్నాడు ప్రేమ్ కుమార్ వైపు చూడకుండా. “డేగిసా తెప్పించింది నేను. దీని మీద ఏం రాసుందో నాకు తెలియదండి. ఇన్నాళ్లూ చదివినట్టు నటించాను. తీసేస్తే నన్ను తీసెయ్యండి.”

“ఏంది సారూ” అని కొమురమ్మ మెల్లగా అంది.

అబ్రహాం కళ్లజోడు తీసి, తన కూతురి వయసున్న రూబీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా రూబీ, నాకొక ఉపకారం చెయ్యి తల్లీ. ఈ సంచి మీద ఉన్నది మొదటి నుంచీ చదివి తెలుగులో చెప్పు. ఒక్క ముక్క వదలకు. కొమురమ్మకు వినబడేలా, కొంచెం గట్టిగా చెప్పు.”