భూదేవి టీచర్ అడిగిన ఒక్క సాక్ష్యం

భూదేవి టీచర్ ఇక లేరన్న వార్త ఫోనులో విన్నప్పుడు నేను కరీంనగర్ బస్టాండు ముందు చాయ్ తాగుతున్నాను. ఒకే ఉన్నత పాఠశాలలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. స్టాఫ్‌రూంలో పక్కపక్క కుర్చీల్లోనే మా ఉద్యోగాలు గడిచిపోయాయి. ఆ దుఃఖం ఇంకా తీరలేదు. కానీ సంతాప సభ నుంచి వచ్చాక దుఃఖం కన్నా కోపమే ఎక్కువైంది. మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆమెను సత్యసంధురాలని కీర్తించాడు. ఆమె బతికుండగా వాళ్లలో ఒక్కరైనా ఆ మాట అన్నారా?

ఎరుగని పాఠకుల కోసం చెబుతున్నాను. టీచర్‌కు అప్పుడప్పుడు దేహాన్ని విడిచి బయటికి వచ్చిన అనుభవం కలిగేది. మొదటిసారి టైఫాయిడ్ జ్వరంలో జరిగిందట. మంచం మీద తన శరీరం, నుదుట తడిగుడ్డ, పక్కన విసురుతున్న తల్లి, అన్నీ దూలం దగ్గర నుంచి కనిపించాయట. ఆమె దానికి ఏ దేవత పేరూ పెట్టలేదు, ఎవరికీ విభూతి పంచలేదు. "నాకు కనవడ్డది సార్. కనవడ్డది నిజమా కాదా అరుసుకోవాలె గద" అనేవారు.

ఎట్లా అరుసుకునేవారో చూడండి. ఒకసారి మధ్యాహ్నం నిద్రలో, ఆదిలాబాద్‌లో తమ్ముడు తన ఇంటి తలుపుకు నీలం రంగు వేయించినట్టు కనిపించింది. ఆ సంగతి ముందుగా మాకు చెప్పారు. ఫోనులో అడిగితే మొహమాటానికి అవునంటారని స్వయంగా బస్సెక్కి వెళ్లారు. తలుపుకు పాత రంగే ఉంది. తిరిగొచ్చి, ఎవరూ అడగకముందే స్టాఫ్‌రూం నడుమ నిలబడి, "తప్పయింది. అది ఉత్త కలనే" అని ప్రకటించారు. కొందరు పగలబడి నవ్వారు. అలా నిలబడి తమ తప్పు చెప్పుకునే దమ్ము ఆ నవ్విన పెద్దమనుషుల్లో ఎవరికుంది? వాళ్లే మొన్న సభలో ముందు వరసలో కూచున్నారు.

తరవాత ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. మత్తులో ఉండగా మళ్లీ అదే అనుభవం. తమ్ముని భార్య సువర్ణ ఆసుపత్రి మెట్ల మీద కూచుని, తెగిన చెప్పును గుడ్డపేలికతో కట్టుకుంటోందట. సువర్ణ వస్తున్న సంగతే ఎవరికీ తెలియదు. తెలివి రాగానే ఆ మాట చూడబోయిన నాకూ, నర్సుకూ చెప్పి, ఆ తరవాతే సువర్ణను లోపలికి పిలిపించారు.

"సువర్ణా, మెట్ల మీద చెప్పు కట్టుకున్నవా?"

"అవ్వో! నీకెట్ల ఎరుక వదినె? నువ్వు లోపటుంటివి గద!"

ఇది నేను చెవులారా విన్నాను. కానీ ఇంటికి పోయాక పెద్దలు సువర్ణను కూచోబెట్టి, ఆడబిడ్డకు గాలి సోకిందని తెలిస్తే నీ బిడ్డకు కుదిరిన సంబంధం తప్పిపోతదని బెదిరించారు. మరునాడు అందరి ముందు సువర్ణ, "నా చెప్పు తెగనే లే. నేను గట్లనలే" అంది. నేను విన్నానని చెబితే, "నీకు టీచరంటే గౌరవం సార్, నువ్వట్లనే అంటవు" అని నా నోరు మూయించారు. కుట్లు ఆరకముందే టీచర్‌ను భూతవైద్యుని దగ్గరికి తీసుకుపోయి వేపమండలతో కొట్టించారు. చదువుకున్న కుటుంబం! బడిలో పిల్లలకు 'దయ్యం టీచర్' అనే పేరు నేర్పింది కూడా వాళ్ల తల్లిదండ్రులే.

ఆమె ఎవరినీ శపించలేదు. సువర్ణ వచ్చినప్పుడల్లా, "జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పు, చాలు" అని మాత్రం అడిగేవారు. "నాకు యాదికి లేదు వదినె" అని సువర్ణ తల వంచుకునేది. పక్షవాతం వచ్చి మాట పడిపోయేదాకా ఆమె అడుగుతూనే ఉన్నారు.

టీచర్ పోయిన మూడో రోజు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తరిలో ఆమెకు ఇష్టమైన సర్వపిండి, గుడ్ల పులుసు, పక్కన చాయ్. కాకులు తుమ్మకొమ్మ మీద వాలాయి కానీ దిగలేదు. పోయినవారికి కోరిక మిగిలితే పిట్ట ముట్టదని మా దిక్కు నమ్మకం. అందుకని ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇచ్చారు. "బాపును మంచిగ చూసుకుంట అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాడు కొడుకు, తండ్రి చెయ్యి పట్టుకుని. కాకి కదలలేదు. ఎండ ముదిరింది. చివరికి సువర్ణ విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"వదినె, నా చెప్పు తెగింది నిజం. మెట్ల మీద కట్టుకున్న. నువ్వు చూసినవు. నేనే అబద్ధమాడిన."

కాకి దిగింది. "ముట్టింది, ముట్టింది" అంటూ అందరూ చేతులు జోడించారు. ప్రాణమున్న మనిషి దేహం విడిచి మెట్ల దాకా వచ్చానంటే వేపమండలతో కొట్టించినవాళ్లు, ఆ దేహం కాలిపోయాక ఆమె కాకిలో వచ్చిందని మొక్కుతున్నారు! నేను మొక్కలేదు.

టీచర్, తనకు కనిపించినదాన్ని తానే పరీక్షకు పెట్టుకునే మనిషిని నేను మీలో తప్ప ఎక్కడా చూడలేదు. ఇక చూడబోను. మీకు నా నమస్సులు. మీరు అన్నేళ్లు అడిగిన ఆ ఒక్క మాట ఇన్నాళ్లకు బయటికొచ్చింది. వినవలసిన చెవులు అప్పటికే బూడిదయ్యాయి. కాకి విని ఏం చేసుకుంటుంది?