ఇంజనును మించిన గొంతు

ఆ నర్సుకు ఆస్పత్రిలో అందరూ పెట్టిన పేరు మైకమ్మ. పిండిమర నడిపే తండ్రితో ఏ ముక్క చెప్పాలన్నా మర హోరును మించి అరవాల్సి వచ్చేది. అలా చిన్నప్పుడే ఆ గొంతు అలవడింది. ఆమె వార్డులో గుసగుసలాడితే పక్క వార్డు రోగులు జవాబిచ్చేవారు. పెద్ద నర్సమ్మ కొన్నాళ్లు ఓర్చుకుంది. యుద్ధం మొదలై, గాయపడ్డ సిపాయిలను తెచ్చే విమానాలకు నర్సులు కావాలని కబురు రాగానే, "దీనికి నీ అంత తగినవాళ్లు లేరమ్మా" అంటూ అందరికంటే ముందు ఈమెను సాగనంపింది.

అది సామాన్లు మోసే విమానం. లోపల గోడల వెంట స్ట్రెచర్లు ఒకదానిపై ఒకటి బిగించేవారు. ఇంజను హోరులో పక్కవాడి కేక పక్కవాడికే వినబడదు. మైకమ్మకు మాత్రం పుట్టింటికి వచ్చినట్టే ఉండేది; తన కేక అందరికీ వినబడేది, ఎదుటివాళ్ల మాట పెదవుల కదలికలోనే పట్టేసేది.

ఒక మధ్యాహ్నం పైవరుసలో సైన్యం వంటవాణ్ణి ఎక్కించారు. కాలు విరిగింది. మనిషి గున్నేనుగు. తూటాల మధ్య గరిటె తిప్పినవాడే గానీ విమానం ఎక్కడం అదే మొదలు. సరిగ్గా అతని కింద, ఛాతీలో తూటా దిగిన సిపాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి అతనికి ఊపిరి అందలేదు. ఆక్సిజన్ మాస్కు పట్టీ తెగిపోవడంతో, మైకమ్మ దాన్ని చేత్తోనే అతని ముఖానికి అదిమిపట్టి కూర్చుంది.

అంతలో విమానం దభీమని కుంగి లేచింది. వంటవాడు బెల్టు విప్పేసుకున్నాడు.

"ఆపండయ్యా! నేనిక్కడే దిగిపోతా!"

"ఎక్కడ దిగుతావు నాయనా, మబ్బుల్లోనా?"

"ఎక్కడైనా పర్లేదక్కా, నడిచి వెళ్లిపోతా!"

విరిగిన కాలితో! అతను దొర్లాడంటే కిందివాడి పని సరి. మైకమ్మకు లేవడానికి వీల్లేదు. ఇక మిగిలింది గొంతొక్కటే.

"ఈయన వంట తిన్నవాళ్లెవరైనా ఉన్నారా? ఎలా ఉండేదో చెప్పండి!"

స్ట్రెచర్ల మీంచి చేతులు లేచాయి. వాళ్ల మాటలు ఒకరివి ఒకరికి వినబడకపోయినా, పెదవుల కదలిక పట్టుకుని మైకమ్మే చాటింది: "ఉప్పు కషాయమట! బూటు తోలు నయమట!"

వంటవాడికి భయం పోయి రోషం పొడుచుకొచ్చింది.

"ఎవడ్రా అన్నది? తడి కట్టెలూ బురద నీళ్లూ ఇచ్చి వండమంటే మీ అమ్మ వండుతుందా?"

"బాగా అడిగావు! ముందు బెల్టు పెట్టుకో, తర్వాత అడుగు. లేకపోతే ఒక్క ముక్క కూడా చాటను."

పెట్టుకున్నాడు. అక్కడి నుంచి దారి పొడుగునా తిట్లు. అటు తిట్టు ఇటూ, ఇటు తిట్టు అటూ మైకమ్మే అందించింది. కింద సిపాయి పెదవుల నీలం మెల్లగా తగ్గింది.

చక్రాలు నేలను తాకాయి. "నేనింకా జవాబు చెప్పనేలేదు, అప్పుడే దింపేశారేం?" అని వంటవాడు అలిగాడు.

అందరినీ దింపేశాక మైకమ్మ ఉన్నచోటే కూలబడింది. పైలట్ వచ్చి, "ఏమైందక్కా?" అన్నాడు. నోరు తెరిచింది. గొంతు పూర్తిగా పోయింది. సైగ చేసి నీళ్లడిగింది. తాగుతుంటే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ చప్పుడు లేకుండానే కానిచ్చింది.