ఆమె ఎత్తిన కంచం

ఎంగిలికి కులం ఉందని మీరు నమ్ముతారా? నమ్మననే అంటారు. నేను పనిచేసిన స్కూల్లో మాస్టర్లందరూ అలాగే అనేవారు.

మా హిందీ టీచరు గారిది మంగినపూడి దారిలో ఒక క్రైస్తవ కుటుంబం. ఎక్కడ భోంచేసినా తన కంచం తానే పట్టుకుని లేచేవారు. అందరూ దాన్ని వినయమని మెచ్చుకునేవారు.

ఆమె రిటైరైనప్పుడు లెక్కల మాస్టారు తన ఇంట్లో విందు ఇస్తానన్నారు. ఆమె ఒప్పుకోలేదు. రొయ్యల చెరువుల డబ్బుతో ఎవరో బందరులో కొత్తగా పెట్టిన మెక్సికన్ రెస్టారెంటుకు వెళ్దామన్నారు. అక్కడ బల్ల మధ్యన ఒకే గిన్నెలో టమాటా పచ్చడి లాంటిది పెట్టారు. మొక్కజొన్న అప్పడాలు అందులోనే ముంచుకుని అందరం తిన్నాం.

"పేరు మెక్సికో, రుచి మన రోటి పచ్చడే!" అంటూ మాస్టారు ఆమె ముంచిన చోటే ముంచారు.

తినడం అయ్యాక ఆమె ప్లేటు పట్టుకుని లేచారు. మాస్టారు పకపకా నవ్వారు.

"కూర్చోండి టీచర్ గారూ! ఇది హోటలు. ప్లేట్లు వాళ్ళే తీస్తారు."

"భోజనానికి పిలిచినప్పుడల్లా మీ ఇంట్లో ఎవరూ తీయలేదు కదండీ," అన్నారామె నెమ్మదిగా. "నాకు పెట్టిన కంచం పెరట్లో నేనే కడిగి, గూట్లో విడిగా పెట్టి వచ్చేదాన్ని. చెయ్యి అలవాటు పడిపోయిందండీ."

మాస్టారు తల వంచుకున్నారు. ప్లేటు మాత్రం అందుకోలేదు. సర్వరు వచ్చి తీసుకెళ్ళాడు.

హోటల్లో లేని మైల ఇంటి గడప దగ్గర ఎక్కడి నుంచి పుడుతుంది? మీ వంటింట్లో వెతకండి. ఎవరి కోసమో విడిగా ఉంచిన కంచం కనబడితే, ఇవాళ అందులో మీరు అన్నం తినండి.