కిటికీలు మూసి పట్టిన ధూపం

నాందేడ్ గాలి నాణ్యత సూచీ ఎర్రరంగుకు చేరినట్టు ఈ ఉదయం ఫోను తెలిపినందున, నెల నిండని మా మనవడి ఆరోగ్యం దృష్ట్యా ఇంటి కిటికీలన్నీ మూసివేయవలసిందిగా ఆదేశించాను. ఆదేశం తు.చ. తప్పక అమలైంది. అనంతరం మా ఆవిడ వాడికి స్నానం చేయించి, ఆనవాయితీ ప్రకారం నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, అదే గదిలో తలకు ధూపం పట్టింది.

కాసేపటికి మా అమ్మాయి కేక వేసింది. "బాపూ, ఉరికి రా! వీనికి ఊపిరి ఆడుతలేదు!"

గదంతా పొగ. పిల్లవాడి ముఖం కందిపోయింది. ఏడుపు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నేను కిటికీ గడియ తీయబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"బయటి గాలి విషమని పొద్దుగాల చెప్పింది మీరే గద?"

"మరి ఇదేందే?"

"ఇది ధూపం! మీ బిడ్డకు గిట్లనే పట్టిన. ఏమైంది దానికి?"

నా ఆదేశాన్ని నేనే ఉల్లంఘించి, వాణ్ణి ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తాను. ఆ ఎర్రరంగు గాలి తగిలాక వాడు గట్టిగా ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు నేనింతవరకు వినలేదు.

ప్రమాదం లేదని, ఇక ధూపం మానాలని డాక్టరు చెప్పాడు. ఈ రెండో సంగతిని మా ఆవిడకు అధికారికంగా తెలియజేయవలసి ఉంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.