గురి బిళ్లకు బొట్టు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. ఇప్పుడు చెప్పబోయే ఘోరానికి మాత్రం ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఒక రైఫిల్ క్లబ్బు మొత్తం సాక్ష్యం. చదువుతూ మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. వాళ్లయితే ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

రైఫిల్ క్లబ్బంటే కోటగోడలూ కోరమీసాలూ ఊహించుకోకండి. అదొక చర్చి హాలు. సోమవారం యోగా, మంగళవారం పసిపిల్లల పాటలు, బుధవారం మా ఎయిర్ రైఫిళ్లు. పొద్దస్తమానం ఆఫీసులో కోడ్ రాసి విసుగెత్తి చేరాను. చేరిన కొద్దికాలానికే గురి కార్డు మీది నల్ల చుక్కని చక్కగా కొట్టడం మొదలుపెట్టాను. మా కెప్టెన్ మార్గరెట్ రిటైరైన లెక్కల టీచరు. నా కార్డు చూసి "నాట్ బ్యాడ్" అంది. ఈ దేశంలో ఉన్నవాళ్లకి తెలుసు, అది పద్మశ్రీ ఇచ్చినంత లెక్క.

ఒకరోజు ఆవిడే పిలిచి, "పక్క ఊరి క్లబ్బుతో పోటీ ఉంది ప్రసాద్. జట్టులో నాలుగో చోటు ఖాళీ. వచ్చే శనివారం ఎంపిక. ఒక్కటే కార్డు, రెండో అవకాశం ఉండదు. ఈలోగా సొంత గురి బిళ్ల కొనుక్కో" అంది.

గురి బిళ్ల అన్నది నేను పెట్టిన పేరు. రైఫిల్ వెనకవైపు, కంటికి దగ్గరగా బిగించే గుండ్రటి లోహపు బిళ్ల అది. మధ్యలో గుండుసూది మొనంత చిల్లు ఉంటుంది. అందులోంచి చూసి గురిపెట్టాలి. రైఫిల్‌ని క్లబ్బే ఇస్తుంది, బిళ్ల మాత్రం పోటీలకి ఎవరిది వాళ్లు తెచ్చుకుంటారు.

"మంచి కంపెనీది కొను" అంది మార్గరెట్.

"కంపెనీదైతే ఏముందండీ? చిల్లు చిల్లే కదా! పేరు చెక్కినందుకు అంత పోయాలా?"

"నీ ఇష్టం."

ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని చవక బిళ్ల తెప్పించాను. అంతకుముందే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో జట్టులోకి ఎంపికైనట్టు ప్రకటించేశాను కూడా.

"ఇంకా ఎంపిక అవలేదు కదండీ?" అంది నా భార్య శారద.

"అదంతా లాంఛనం."

ఇక అసలు కథ. మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నా, వాక్యూమ్ క్లీనర్ కొన్నా పసుపూ కుంకుమా పెట్టకుండా ప్లగ్గు పెట్టం. బిళ్లకి మాత్రం ఎందుకు తక్కువ చేయాలి? పసుపు తడిపి, నడిమధ్యన నిండుగా పెట్టి, దానిమీద కుంకుమ అద్దాను. బొట్టు నుదుటి మధ్యన పెడతారు గానీ చెవి పక్కన పెట్టరు కదా! చిల్లు మూసుకుపోతుందేమోనన్న జ్ఞానం నాకు లేకపోలేదు. అందుకే పైపైన టిష్యూతో ఒత్తి తుడిచి, చక్కగా డబ్బాలో పెట్టుకున్నాను.

బుధవారం ప్రాక్టీసులో బిళ్లలోంచి చూస్తే, నల్ల చుక్క పొగమంచులో మోటర్‌వే బోర్డులాగుంది. కొట్టిన గుండ్లు కార్డు నలుమూలలకీ వెళ్లాయి. ఒకటి అసలు కార్డుకే తగల్లేదు.

మార్గరెట్ చూసి "ఊఁ" అంది. అంతే.

"మీరన్నదే రైటు. ఇది చవకరకం బిళ్ల. కంపెనీది కంపెనీదే!" అన్నాను గట్టిగా. నా అభిప్రాయాలు మారతాయి గానీ, వాటిమీద నాకున్న నమ్మకం మాత్రం ఎప్పుడూ మారదు.

పేరున్న కంపెనీ బిళ్ల వెల్వెట్ పెట్టెలో వచ్చింది. అంత ఖరీదైనదానికి అంతకు తగ్గ బొట్టే పెట్టాలి కదా!

"చిల్లులోకి పోతుందేమోనండీ, కాస్త పక్కగా పెట్టండి" అంది శారద.

"రైఫిల్ సంగతి నాకు చెప్తావా?" అని, ఈసారి ఇంకాస్త నిండుగా పెట్టి, ఇంకాస్త గట్టిగా ఒత్తి తుడిచాను.

శనివారం మొత్తం క్లబ్బు చూస్తుండగా నేలమీద బోర్లా పడుకుని గురిపెట్టాను. అదే పొగమంచు. అదే మోటర్‌వే. నా కార్డు చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఇంగ్లీషువాళ్లు ఏమీ అనలేదంటే పరిస్థితి చెయ్యిదాటిపోయిందని అర్థం.

వినయం ఉన్నవాడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. నేను లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను.

"ఫ్రెండ్స్! రెండు బిళ్లలూ వాడి చూశాను. రెండూ ఒకేలా తగలడ్డాయి. ఈ బ్రాండ్లన్నీ పచ్చి మోసం. రేపే కంపెనీకి రాస్తాను!"

మార్గరెట్ రెండు బిళ్లల్నీ తీసుకుని, ఒక్కొక్కటే లైటుకి ఎదురుగా పట్టుకుని చూసింది. "ఇందులో పచ్చగా ఏదో ఉందే?"

"కోటింగ్ అయ్యుంటుంది. కంపెనీవాళ్లు వేస్తారు" అన్నాను.

"పేరులేని దాంట్లోనూ ఉందే?"

"కాపీ కొట్టుంటారు."

ఆవిడ టీ బల్ల దగ్గర్నుంచి టూత్‌పిక్ ఒకటి తెచ్చి చిల్లులో తిప్పింది. ఎండిన పసుపు పలుకొకటి, దానివెనకే ఎర్రటి కుంకుమ, ఆవిడ అరచేతిలో రాలాయి. నేను మా ఆచారమంతా వివరించాల్సి వచ్చింది. ఫ్రిజ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను.

"చాలా మంచి ఆచారం. మనుషులకైతే కంట్లో పెట్టరు కదా?" అంది మార్గరెట్.

హాలు హాలంతా ఘొల్లుమంది. బిళ్లలు రెండూ శుభ్రం చేయించి, రెండింటితో ఒక్కో కార్డు కొట్టించిందావిడ. రెండూ అద్భుతంగా వచ్చాయి. ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

"మొదట నువ్వన్నదే నిజం ప్రసాద్. చిల్లు చిల్లే. మూసెయ్యకుండా ఉంటే" అంది.

అంటే నా వాదన నెగ్గింది. నేను ఓడిపోయాను. ముందే చెప్పారుగా, ఎంపికకి ఒక్కటే కార్డు. నాలుగో చోటు నా తర్వాత చేరిన ఒక పళ్ల డాక్టరుకి దక్కింది. పోటీరోజున నాకు టీ కలిపే బాధ్యత అప్పగించారు. నవ్వుతూనే ఒప్పుకున్నాను గానీ, నిజంగా చాలా బాధేసింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే శారద నవ్వాపుకోలేక సోఫాలో కూలబడింది. కాసేపటికి తేరుకుని, "పోనీలెండి, టిష్యూతో తుడిచినా వదల్లేదంటే మన పసుపు ఎంత గట్టిదో చూడండి. ఇక్కడి షాపులో చవకది కొందామని మీరెంత పోరినా వినకుండా, ఇండియా నుంచి బ్రాండుదే తెప్పించాను" అంది.

అందుచేత పాఠకులారా, ఆ పసుపు డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ చేత్తో చిల్లు ఉన్న ఏ వస్తువుకీ బొట్టు పెట్టను. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, షాపు చవక పసుపే వాడతాను.