అచ్చులకు పట్టిన పుచ్చు

1999 వేసవి. బందరులో నేను సొంతంగా పెస్ట్ కంట్రోల్ బోర్డు పెట్టుకుని అప్పటికి రెండేళ్లు. అంతకు ముందు తొమ్మిదేళ్లు విజయవాడలో ఒక సంస్థలో పనిచేశాను. మందు కలపడం, కొట్టడం, ఏ పురుగు ఏ సందులో దాక్కుంటుందో వెతకడం అక్కడే నేర్చుకున్నాను. యజమానితో మాటామాటా పెరిగి బయటికొచ్చేశాను. ఒక స్కూటరు, వీపున తగిలించుకునే స్ప్రేయరు, నాలుగు రకాల మందులు, అంతే నా సరంజామా. హోటళ్లలో బొద్దింకలు, రైసు మిల్లుల్లో ఎలుకలు, కొత్త ఇళ్ల పునాదులకు చెద మందు. ఈ పనుల మీద గుడివాడ నుంచి కోడూరు దాకా తిరిగేవాణ్ణి.

నాగరత్నం గారిది పెడన. అక్కడ కలంకారీ అద్దకం షెడ్డు నడిపేవారు. బట్ట మీద అద్దే చెక్క అచ్చుల్ని ఆమె భర్త వీర్రాజు గారు స్వయంగా చెక్కేవారట. ఆయన పోయి మూడేళ్లయింది. ఆరుగురు పనివాళ్లతో షెడ్డును ఆమే నెట్టుకొస్తున్నారు. ఆ రోజు ఆమె బస్సులో బందరు వచ్చి, నా బోర్డు వెతుక్కుని, చీర కొంగులో కట్టుకొచ్చిన చిన్న కాగితం పొట్లం విప్పారు. లోపల మైదా పిండిలాంటి మెత్తటి పొడి.

"అచ్చుల గదిలో బీరువా కింద కనపడింది తమ్ముడూ. తుడిచేశాను. మర్నాటికి మళ్లీ రాలింది. మళ్లీ తుడిచాను, మళ్లీ రాలింది. ఇంక లాభం లేదని వచ్చేశాను" అన్నారు.

నాకు ముచ్చటేసింది. చెక్కకు పురుగు పట్టిందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. పాత పొడి అయితే తుడిస్తే పోతుంది. కొత్తగా రాలుతోందంటే లోపల పురుగు బతికే ఉందన్నమాట. దీన్ని మా వృత్తిలో పౌడర్ పోస్ట్ బీటిల్ అంటాం. జనం పుచ్చు అంటారు. చెద అయితే మట్టి దారులు కట్టుకుంటూ పైకి కనిపించేలా వస్తుంది. ఇది అలా కాదు. చెక్క లోపలే పుట్టి, లోపలే తిని, చివరికి గుండుసూది తలంత కన్నం పెట్టుకుని బయటికొస్తుంది. ఒక పీటకో మంచం కోడుకో పడితే నాలాంటివాడితో పనే లేదు. ఆ ముక్క మార్పించేస్తే సరిపోతుంది. కానీ గది నిండా చెక్కలుంటే కథ వేరు.

మర్నాడు పెడన వెళ్లాను. కాలువ కట్టేసిన రోజులు కావడంతో షెడ్డులో పని లేదు. అద్దిన బట్టను ఉతకడానికి పారే నీళ్లు ఉండాలి, కాబట్టి కాలువకు నీళ్లొచ్చేదాకా బల్లలన్నీ ఖాళీ. అచ్చుల గదిలో తలుపుల్లేని బీరువా, పైకప్పు దాకా అరలు. తీగలు, పువ్వులు, మామిడి పిందెలు. ఒక్కొక్కటీ తీసి వేలితో తట్టి చూశాను. నల్ల గీతలు అద్దే అచ్చులు టేకు చేవలో, అంటే మాను నడిమి గట్టి చెక్కలో చెక్కినవి, వాటి జోలికి పురుగు పోలేదు. ఎరుపు నింపడానికి వాడే పెద్ద అచ్చుల్లో చాలావాటికి అంచుల్లో మెత్తటి తెల్ల చెక్క ఉంది. కన్నాలన్నీ అక్కడే.

నాగరత్నం గారు ఒక అచ్చును రెండు చేతులతో అందించారు. జానెడు పొడవున చేపల వరుస. పొలుసులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"ఈ అంచు ఇంకే షెడ్డులోనూ లేదు. మా ఆయన వాళ్ల నాన్న హంసలదీవిలో చేపల వేటకెళ్లేవాడు, ఆ చేపలు చూసి ఈయన చెక్కారు. హైదరాబాదు కొట్టువాళ్లు దీనికోసమే మా దగ్గరికొస్తారు" అన్నారు.

దాని అంచున ఏడెనిమిది కన్నాలున్నాయి.

"ఏం చేస్తారు?" అని అడిగారు.

"మందును కిరసనాయిల్లో కలిపి, కన్నాల్లోకి సిరంజితో ఎక్కిస్తాను. పైన బ్రష్షుతో రెండు పూతలు వేస్తాను. పది రోజులు ఆరితే చాలు."

షెడ్డులో పెద్ద పనివాడు పైడయ్య గారు గుమ్మంలో నుంచుని వింటున్నారు. అరవై దాటిన మనిషి.

"కిరసనాయిలా బాబూ? ఇవి మూల పడుండే కుర్చీలు కావు. రోజూ పటిక నీళ్లు తాగాలి, బట్టకి వదలాలి. చెక్క నూనె తాగితే నీళ్లు పట్టుద్దా?"

"ఆరిపోతుందండీ. కిరసనాయిలు ఎగిరిపోతుంది" అన్నాను.

"పైకి ఆరుద్ది. లోపల?"

నాగరత్నం గారు నా ముఖంలోకి చూసి సూటిగా అడిగారు.

"ఇలాంటి అచ్చులకి ఇంతకు ముందు చేశారా తమ్ముడూ?"

"ఎన్నో చేశానండీ" అన్నాను.

చేసినవి తలుపులు, మంచాలు, ఒక ఆఫీసులో బల్లలు. అద్దకం అచ్చును చేత్తో పట్టుకోవడం అదే మొదలు. దీనికి ఇంకో పద్ధతి ఉందని కూడా నాకు తెలుసు. ఫ్యూమిగేషన్ అంటారు. వస్తువులన్నీ ఒకచోట పేర్చి, గాలి చొరబడకుండా పట్టా కప్పి, లోపల విషవాయువు వదులుతారు. వాయువు చెక్క లోపలికంటా వెళ్లి గుడ్డుతో సహా చంపి, పట్టా తీశాక పోతుంది. చెక్క మీద నూనె ఉండదు, మరక ఉండదు. కానీ అది ప్రాణాలు తీసే వాయువు. లైసెన్సున్నవాళ్లే చెయ్యాలి. నాకు లేదు. నాకు తెలిసి దగ్గర్లో ఉన్నది విజయవాడలో నేను గొడవపడి వచ్చేసిన ఆ యజమానికే. ఆయన దగ్గరికి వెళ్లి, "అయ్యా, ఈ పని నావల్ల కాదు, మీరు చేసిపెట్టండి" అనడానికి నాకు నోరు రాలేదు. అలాంటి పద్ధతి ఒకటుందని నాగరత్నం గారికి చెప్పడానికీ నోరు రాలేదు. చెబితే ఆమె తనంతట తనే వెళ్లేవారు.

నాలుగు రోజులు కూర్చుని ప్రతి కన్నంలోకీ మందు ఎక్కించాను. శ్రద్ధగానే చేశాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, నిజం. పొడి రాలడం ఆగిపోయింది. నెల తర్వాత వెళ్లి చూస్తే బీరువా కింద నల్ల కాగితం పరిచి ఉంచారు. దాని మీద నలుసు లేదు. కాలువకు నీళ్లొచ్చాక మూడు గజాల గుడ్డ అద్ది ఉడకబెట్టి చూశారు. బాగానే వచ్చింది. పైడయ్య గారు కూడా ఏమీ అనలేదు. నేను ఆ వారం బందరులో కనపడ్డవాడికల్లా ఈ సంగతి చెప్పుకున్నాను.

శ్రావణమాసంలో ఒక పొద్దున పైడయ్య గారు సైకిల్ మీద బందరు వచ్చారు. లోపలికి రాలేదు, కూర్చోలేదు.

"అమ్మగారు ఓసారి రమ్మన్నారు" అని మాత్రం అన్నారు.

కాలువ గట్టున దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. హైదరాబాదు కొట్టు అడిగిన సరుకు. దూరం నుంచే తెలిసింది. ఎరుపు నిండాల్సిన చోట తెల్లటి మచ్చలు, మచ్చల చుట్టూ జిడ్డుగా గోధుమ రంగు. చేపల వరుస అయితే కుళ్లిపోయినట్టుంది.

ఎరుపు రంగును అచ్చుతో నేరుగా అద్దరు. అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు, అది కంటికి సరిగ్గా కనపడదు. తర్వాత రాగి గంగాళంలో రంగుతో ఉడికిస్తే, పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు తేలుతుంది. మొదట అద్దిన మూడు గజాలకు ఏమీ కాలేదు. కానీ రోజుల తరబడి అచ్చు మీద గుద్దుతుంటే, లోపల ఇంకిన నూనె కన్నాల్లోంచి కొంచెం కొంచెంగా పైకి ఊరింది. ఆ సంగతి గంగాళంలో పడేదాకా ఎవరికీ తెలియలేదు. అప్పటికే సరుకంతా అద్దేశారు.

నాగరత్నం గారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"ఏం జరిగింది తమ్ముడూ?" అన్నారు. తిట్టలేదు.

"కొంచెం ముందుగా పిలిచుంటే ఇంత మందు ఎక్కించాల్సిన పని ఉండేది కాదండీ" అన్నాను.

అది నేను వెళ్లిన ప్రతిచోటా అనే మాట. ఎక్కువమంది విషయంలో నిజం కూడా. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. మూడో రోజే బస్సెక్కి వచ్చిన మనిషితో ఆ మాట అన్నాను. ఆమె తల దించుకున్నారు. పైడయ్య గారు నా వైపు చూసి, దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్లిపోయారు.

నూనె తీయడానికి బట్టల సోడా కలిపిన నీళ్లలో అచ్చుల్ని ఉడికించారు. బాగుపడినన్ని బాగుపడ్డాయి, మిగిలినవి పగిలాయి. చేపల అచ్చు నిలువునా చీలింది. హైదరాబాదు కొట్టు సరుకు వెనక్కి కొట్టింది. దసరా లోపే నలుగురు పనివాళ్లు స్క్రీన్ ప్రింటింగ్ షెడ్లకు వెళ్లిపోయారు. పైడయ్య గారికి ఆ వయసులో కొత్త పని ఎవరిస్తారు? ఇంట్లో కూర్చున్నారు.

ఆ చలికాలంలో వేరే పని మీద విజయవాడ వెళ్లి, పాత యజమాని దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. నన్ను దెప్పుతాడనుకున్నాను.

"పట్టా కప్పి వారం రోజులు ఉంచితే అయిపోయేది కదయ్యా. కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి. నీకూ నాకూ గొడవైతే ఆవిడేం చేసింది?" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా పెడన వెళ్లాను. షెడ్డులో రెండు బల్లలే ఉన్నాయి, మిగతావి అమ్మేసినట్టున్నారు. నాగరత్నం గారు కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. నేను అంతా చెప్పాను. అచ్చులకు అంతకు ముందు ఎప్పుడూ చేయలేదని, వేరే పద్ధతి ఉందని తెలిసీ దాచానని.



"మా వేసవంతా ఖాళీయే కదా. వారం కాదు, నెలైనా ఆగేవాళ్లం" అన్నారు. కొంచెం ఆగి, "నేను ఆలస్యం చేశాననుకున్నానండీ. ఆ పొడి కనపడ్డ రోజే వచ్చుంటే అవి మిగిలేవేమోనని, ఇన్నాళ్లూ రోజూ అదే అనుకుంటున్నాను" అన్నారు.

తమ్ముడూ అనడం మానేశారని నాకు బయటికొచ్చాక తెలిసింది.

నిపుణుణ్ణి ఎప్పుడు పిలవాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. పాడైతే మళ్లీ సంపాదించుకోలేని వస్తువుకు పురుగు పడితే వెంటనే పిలవండి. పిలిచాక, సరిగ్గా ఇలాంటి వస్తువుకు ఇంతకు ముందు చేశావా, ఎక్కడ చేశావు, వాళ్ల పేరు చెప్పు అని అడగండి. వెళ్లి వాళ్లను కనుక్కోండి. నాగరత్నం గారు మొదటి ప్రశ్న అడిగారు. రెండోది అడగకపోవడం ఆమె తప్పు కాదు. మొదటిదానికి నేను నిజం చెప్పి ఉంటే రెండో దానితో అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు నాకు చేతకాని పనిని చేతకాదనే చెబుతున్నాను. ఆ మధ్య గుడివాడలో ఒక ధాన్యం గోడౌను ఆయనకు అలాగే చెప్పి విజయవాడ పంపాను. "చేతకానప్పుడు బోర్డెందుకయ్యా" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు. పెడనలో అచ్చుల గదులు ఇంకా చాలా ఉన్నాయి, పుచ్చు కూడా పడుతూనే ఉంటుంది. ఆ ఊరి నుంచి మాత్రం నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు.