కండక్టర్ వదిన అనుమానం

మా వదిన ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. మొహం చూసి టికెట్టు లేనివాణ్ణి పట్టేసేది. ఇంట్లోనూ ఆ చూపు దించేది కాదు. ఒక ముద్ద తక్కువ తింటే చాలు, ఎక్కడ తినొచ్చావంటూ మా అన్నని నిలదీసేది. అన్న కవి. మాటలన్నీ కాగితానికే. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి.

అన్న పోయిన ఏడాదికి స్నేహితులు గ్రంథాలయం మేడమీద సభ పెట్టారు. ఉపన్యాసాలు వద్దు, తలా ఒక కవిత చదువుదామన్నారు. వదిన రానంటే రానంది. ఆయన పోయిన రోజు కూడా ఆమె కంట తడి పెట్టలేదు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. చివరి పుస్తకంలో నిద్రపోతున్న ఒక స్త్రీ మీద కవిత ఉంది. "నిద్రలోనూ ఆమె వేళ్లు ఎవరికో ఏదో ఇస్తూనే ఉంటాయి" అని రాశాడు. పరాయి ఆడది నిద్రపోతుంటే ఈయన అంత దగ్గరగా ఎలా చూశాడట? తను మాత్రం దుంగలా పడుకుంటానని వదినకు గట్టి నమ్మకం. ఆవిడెవరో తేలేదాకా ఆయన కోసం ఏడవనని ఒట్టు పెట్టుకుంది. నేనే బతిమాలి లాక్కెళ్లాను.

ఖర్మ కాకపోతే, ఒక లెక్చరరమ్మ సరిగ్గా ఆ కవితే చదివింది. చదువుతూ మధ్యలో ఆగి కళ్లు తుడుచుకుంది. "దొరికింది" అని వదిన నా చెవిలో అంది. సభ అయ్యాక మెట్ల దగ్గర ఆవిణ్ణి అడ్డగించి, నిద్రలో చేతులు కదిలించే అలవాటుందా అని అడిగేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ పాపం, కవిగారిని తనెప్పుడూ చూడలేదనీ, ఆ కవిత చదివితే వాళ్లమ్మ గుర్తొస్తుందనీ చెప్పింది. దొంగ ఎక్కడైనా ఒప్పుకుంటాడా అంటూ వదిన బస్సెక్కేదాకా సణిగింది.

కిటికీ పక్కన కూర్చోగానే ఆమెకు కునుకు పట్టింది. ఒళ్లో ఉన్న ఆమె చేతుల మీద నా చూపు పడింది. ఎడమచేయి ఏదో కట్ట పట్టుకున్నట్టు బిగిసి ఉంది. కుడిచేయి ఒక్కొక్కటే చింపి ఎవరికో అందిస్తోంది.

లేపి చెప్పాను. మీ అన్నని వెనకేసుకురాకు అని కసిరింది. ఎదురు సీట్లో ముసలావిడ కల్పించుకుంది.

"నిజమేనమ్మా. ఇందాకట్నుంచీ చూస్తున్నా. నిద్రలో టికెట్లు చింపుతున్నావు."

ఆవిడకు మా అన్నతో ఏ చుట్టరికమూ లేదు. వదిన తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"పక్కన కూర్చుని అంతసేపు చూశాడా?" అంది చివరికి. "లేపి ఒక్క మాట నాతో చెప్తే ఏం పోయేది ఆ మనిషికి?"

ఇక ఆపుకోలేకపోయింది. మా స్టాపు వచ్చింది, పోయింది. నేను దిగుదామనలేదు.